తేలిక లాడం

గిట్టకు యాదుండదు.
ఏడాది తిరిగేసరికి పాత మొలల తూట్లు
కిందికి జారి, అరిగి, మన్నుల కలుస్తయి.
అందుకే గులాం దస్తగిర్
పెండ్లిళ్ల గుర్రాన్ని మండిబజారుకు తోలుకొచ్చి
నా కొలిమి ముందర కట్టేసినప్పుడు
కాలు పట్టి సూస్తే నాకేం తెల్వలే.
భుజం కాడ మురికి తుడిస్తే తెలిసింది.
వెంట్రుకల కింద కాల్చిన ముద్ర:
పుట్టిన సాలు, పుట్టిన శాల.
నల్లగ పుట్టి, బూడిదై ఉరికి,
ఇప్పుడు తెల్లవడ్డది.

"ఏం పేరు?" అన్న.
"సితార. సీజన్ల రోజుకు రెండు బరాతులు."
అసలు పేరు ఎవ్వలం అడగలే.

మా నాయిన, కమ్మరి ఓదెలు,
కాజీపేటల రైలెక్కి పట్నం పోయి
మలక్‌పేట శాలలల్ల ఇరవై ఆరేండ్లు లాడాలు గొట్టిండు.
డర్బీ ముందటి రాత్రి
ఇనుపవి ఊడదీసి
తమలపాకంత తేలికవి తొడిగేటోడు.
"పెండ్లిపిల్లకు మట్టెలు పెట్టినట్టు పెట్టాలెరా" అనేటోడు.
మొల ఒక నూలంత లోపలికి పోతే
లక్షలు కుంటుతయ్ మరి.

ఇరవై ఆరు డర్బీలు విన్నడు నాయిన,
ఒక్కటి సూడలే.
శాల ఎన్క గడ్డిమోపు మీద కూసోని
మొదలు గేట్లు తెరుసుకునే సప్పుడు,
తర్వాత భూమి లోపల ఎవరో ఇసుర్రాయి తిప్పినట్టు,
ఆఖరికి జనం:
కోటు తొడిగిన నవాబూ, చిట్టీ మడిచిన రిక్షాయనా
ఒక్క గొంతయ్యే ఆ అరుపు.
రెండు నిమిషాలు. గంతే.
మూడేండ్ల వయసుల ఒక్కసారి;
గెలిచినా ఓడినా
మళ్ల ఆ గీత కాడికి రానియ్యరు.
"డర్బీ ఏటేటా వస్తదిరా,
గుర్రానికే ఇంకో ఏడాది ఉండదు."

ఈ జాతి తండ్రుల దారి పట్టుకొని ఎనక్కి పోతే
మూడే మూడు మగగుర్రాలట,
ఎడారి దిక్కు నుంచి ఓడెక్కినయట.
పెద్ద దొరలు మాట్లాడుకుంటుంటే ఇన్నడు.
నాకు మా ఖిలా యాదికొస్తది.
మోటుపల్లి రేవుల దిగి
ఓరుగల్లు మట్టికోట దాటిన గుర్రాలు గూడ
ఆ ఇసుక వాసనతోనే వచ్చి ఉంటయి.
సాహిణి అన్న బిరుదు రాతిమీద మిగిలింది,
గుర్రం పేరు ఒక్కటి మిగలలే.

మాఘమాసం. హంటర్ రోడ్డు.
సితార మీద మొగిలయ్య కొడుకు,
ఎనుమాముల మార్కెట్ల మిర్చి దలాలీ.
ముందర డీజే, ఎనక మేనమామలు,
లాడాలు కొత్తగ గొట్టినోణ్ణని
నేనూ పిలువబడ్డ.
ఫంక్షన్ హాలోళ్లు
ఇనుప గేటు ధడాల్న తెరిసిండ్రు.

సెవులు ఎనక్కి పోయినయి.
మెడ ముందుకు సాగింది.
సిమెంటు రోడ్డు మీద
నా ఇనుము నుంచి నిప్పురవ్వలు.
పెండ్లికొడుకు పాగా ఎగిరిపోయి
బజ్జీల బండి మీద పడ్డది;
కళ్లెం వదిలి జూలు పట్టుకున్నడు, అదే మంచిదైంది.
దస్తగిర్ ఉరుకుతుండు, ఆడోళ్లు మొత్తుకుంటుండ్రు.
నేను కండ్లు మూసుకున్న.
నాయిన విన్నట్టు విన్న.

నాలుగో కరెంటు స్తంభం కాడ
తనే ఆగింది.
రొప్పుకుంట పక్కకు సూసింది,
ఎవరన్నా దాని నంబరు
బోర్డు మీదికి ఎక్కిస్తున్నరేమోనని.
ఎవ్వలు లేరు.
పైన పిలగాడు
నవ్వుతుండో ఏడుస్తుండో.

తెల్లారి, ముందటి కాలి లాడం ఊడిందని
దస్తగిర్ మళ్ల తెచ్చిండు.
"బరువుది గొట్టు భాయ్, ఇంకోపాలి ఉరకొద్దు."
సరే అన్న.
వాడు చాయ్‌కి పోయినంక
ఇనుమును కొలిమిల పెట్టి
ఎంత పల్చగ సాగుతదో
అంత పల్చగ సాగగొట్టిన.