పద్నాలుగో ప్రశ్న

ముందు ట్యూబులైటు ఆపమన్నాను.
అది సన్నగా గీపెడుతుంది, మీకు వినపడదు.
నళినాక్షి గారు లేచి స్విచ్చి కట్టేసి
ఆ మాటే మొదటి పేజీలో రాసుకున్నారు.

కోటిపల్లి రేవు, టిక్కెట్ల షెడ్డు.
నేను, మా అమ్మ మంగతాయారు,
పంటు నడిపే బుల్లెబ్బాయి, వాళ్ళ చెల్లి పల్లాలమ్మ
(మాట్లాడదు, అట్టమీది అక్షరాలు వేలితో చూపిస్తుంది),
అరవై దాటాక తనకీ ఆటిజమేనని తెలిసిన లెక్కల మేష్టారు.

కాకినాడ కాగితాల్లో ముప్పై రెండు ప్రశ్నలు.
పద్నాలుగోది: ఎదుటివారి కళ్ళలోకి చూస్తాడా?

"నన్నిది బెత్తంతో అడిగారమ్మా," అన్నారు మేష్టారు.

పదకొండేళ్ళ కిందట మా అమ్మ
దాని పక్కన "చూడడు" అని రాసింది.
రాసి, బస్సులో ద్రాక్షారామం దాకా ఏడ్చింది.
నేను కిటికీలోంచి కాలవనే చూస్తున్నాను గానీ
ఆవిడ కొంగు తడి నా మోచేతికి తగులుతూనే ఉంది.
ఆ సంగతి ఏ గడిలో రాయాలి?

ఎర్రనీరు దిగడానికి ఒకరోజు ముందు
గోదారి వాసన మారుతుంది, తుప్పూ తడిగోనే కలిసినట్టు.
లాకు తలుపు సందులో నీళ్ళ చప్పుడు విని
మట్టం ఎంతుందో చెబుతాను.
లస్కరు నన్నడిగాకే స్కేలు చూస్తాడు.
ఇవన్నీ రాయండి, బలాలంటే ఇవేగా, అన్నాను
కాస్త గర్వంగానే.

పల్లాలమ్మ వేలు కదిలింది.
ఒక్కో అక్షరం. ఈగ వాలింది, లేచింది.
నా కు ఏ వి ద్యా రా దు
అ యి నా న న్న డ గా లి

ఎవరం మాట్లాడలేదు.
నాకు చెవులు వేడెక్కాయి.
మేష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు,
తుడిచిందే తుడుస్తూ.
మా అమ్మ మాత్రం, "తల్లులు నిద్రపోతున్నారా
అని కూడా ఒకటి వెయ్యండి," అంది మెల్లిగా.

నళినాక్షి గారు పద్నాలుగు కొట్టేశారు.
"మీరు చెప్పండి, ఇక్కడేం అడగాలో."
నేనొకటి చెప్పాను, బాగాలేదు.
మేష్టారిది మరీ పొడుగు.

ముక్తేశ్వరం వైపు జనం కేకలేస్తున్నారు,
మోటారు సైకిళ్ళు హారన్లు కొడుతున్నాయి.
బుల్లెబ్బాయి తాళాలు చేత్తో పట్టుకుని
గుమ్మంలో నిలబడ్డాడు.
చెల్లి వేలు అట్టమీద మళ్ళీ మొదలైంది,
రెండక్షరాలే అయ్యాయి.

పంటు ఆగింది.