మూడోవాడు

అచ్చంపేట బస్టాండు ఎనుక, జిరాక్సు మిషను పక్కన
నాలుగు కంప్యూటర్లు నావి.
ఒకదానికి ఎంటర్ మీట ఊడితే అగ్గిపుల్ల చెక్కిన.

నాలుగున్నరకు బడి ఇడుస్తరు.
బ్యాగులు ఒక కుప్ప, చెప్పులు ఒక కుప్ప,
గంటకు ఇరవై రూపాయలు.
బైకులు, బాంబులు, బండల మీంచి బండల మీదికి దుంకుడు.
వాళ్లు పోయినంక షట్టరు సగం దించి
రోజూ ఊడుస్త.
నేల గాదు. లోపల.

ఆట ఒక్కటి తెరిస్తే
నలబై మూడు కుకీలు.
బిస్కెట్ పేరు పెట్టిండ్రు గని
నోట్లె ఏస్కునేది గాదు, నోరు విప్పేది.
ఎవడొచ్చిండు, ఎంతసేపున్నడు,
ఏ బొమ్మ కాడ ఏలు ఆగింది,
చెప్తనే ఉంటది, ఎవరికో.

ఎర్ర హవాయి చెప్పుల సాదిఖ్ అడిగిండు మొన్న:
"అన్నా, బూట్లు నేను ఒక్కసారే జూసిన.
ఇప్పుడు ఆటల గోడ మీద అవ్వే బూట్లు,
లెక్కల పేజీల అవ్వే,
మా అమ్మీ ఫోన్ల గూడ అవ్వే.
నా ఎంట నడుస్తున్నయా?"
నడుస్తున్నయ్ రా. కాళ్లు లేకుంటనే.

అందుకే కావలి పెట్టిన.
కొత్త సాఫ్ట్‌వేరు, డాలు బొమ్మ.
ఎంత నిక్కచ్చి అంటే
దొంగను ఆపింది, చుట్టాన్ని ఆపింది,
పాలోన్ని గూడ ఆపింది.
ఆట తెరుసుకోదు. గుండ్రం తిరుగుతనే ఉంటది.
"బంద్ చెయ్యన్నా నీ డాలు,
లేకుంటే టాకీసు కాడి సెంటరుకు పోతం."
పోయిండ్రు గూడ, ఇద్దరు.
నలబై రూపాయలు.

ఆ దినమే వచ్చిండు మండ్లి ఈదయ్య,
అడివి లోపలి పెంట నుంచి, పింఛను వేలిముద్రకు.
ముప్పై ఏండ్లు పులిజాడ పట్టిన మనిషి.
తడి ఇసుకల పంజా గుర్తు మీద తెల్లపిండి కలిపి పోసి
ఆరినంక రొట్టెలెక్క లేపి
ఆఫీసుకు మోసేటోడట.
ఇప్పుడు చెట్లకు కెమెరాలు. ఈయనను పిలుస్తలేరు.

నా తెర మీది చిట్టా జూసి
"ఏందివి?" అన్నడు.
"జాడలు తాతా. తుడుస్తున్న."
"అన్నీ?"
"అన్నీ."
నవ్విండు. పండ్లు తక్కువ, నవ్వు ఎక్కువ.
"నీళ్లకు పోతే జాడ పడకుంట ఎట్ల బిడ్డా.
చెలిమె కాడి జాడ చెలిమెకు తెలిస్తే తప్పులే.
పొద మాటుకు కూసున్నడు సూడు మూడోవాడు,
తాను తాగడు,
తాగి పోయేటోని ఎంట లేస్తడు,
వాన్ని జూడు.
ఇంటిదాక వొచ్చే జాడను జెరుపు."

డాలును కొంచెం వంచిన.
ఆట పేరు మీద ఒక్క సందు:
రా, పోరగాని లెవెలు, వాని పాణాలు
నువ్వు యాదిల పెట్టుకో.
మూడోవాళ్లకు తలుపేసిన. ముప్పై ఎనిమిది మంది.
ఐదు మిగిలినయ్.
ఆ ఐదిట్ల ఒకదాని మీద
నాకు ఇంకా అనుమానమే.

సాదిఖ్ మళ్ల దుంకవట్టె.
గోడ మీద బూట్లు పోయినయ్,
వాటి జాగల ట్రాక్టరు టైర్లు,
ఎవ్వరి కోసమో.

ఇంక ఈదయ్య వేలు.
బొటనవేలు పెడితే మిషను ఎర్రగ మెరిసింది.
చూపుడువేలు. ఎర్ర.
గుడ్డతోని తుడిచి, నూనె రాసి, ఊది,
పది వేళ్లు.
తేనెకు దిగే తాడు, గడ్డపార, ఆ తెల్లపిండి
గీతలన్ని తిన్నయ్.
పోరని బూటు సైజు ఎరుకే దునియాకు.
ఈయన ఈయననే అంటే నమ్ముతలేదు.

"రేపు రా తాతా, సర్వరు మంచిగుంటది" అన్న.
సర్వరు మంచిగనే ఉన్నది.

వాకిట్ల చెప్పుల కుప్ప కాడ నిలవడి
తనవి ఎతుకుతలేడు. వంగి
దుమ్ములకు జూస్తున్నడు.
"ఎర్ర చెప్పుల పోరడు
ఎడమకాలు మడిమె ఆనిస్తలేడు.
ముల్లిరిగింది లోపల," అన్నడు.
"చెప్పు వానికి."