కట్ట నంబరు నలభై

చిత్తూరు రికార్డు రూములో
ఎర్రగుడ్డ మూట విప్పితే ముందు తుమ్ము వస్తుంది,
తర్వాతే జమీ.

గుడిమెట్టపాళెం దొరల లెక్కలు, ఫసలీ 1286.
కరువేడు.
కరణం సిరా మాత్రం పలచబడలేదు.

ఏనుగుకు బెల్లం, రోజుకు రెండు వీశెలు.
మావటి జీతం, బాకీ.
పల్లకీ బోయీలకు చెప్పులు ఆరు జతలు.
అదే పుటలో అడుక్కి:
నీరుగంటి గంగులప్ప, శిస్తు నిలవ
నాలుగు రూపాయల ఏడణాలు.
జప్తు: పాడావు ఒకటి, ఇత్తడి చెంబు ఒకటి,
తలుపు ఒకటి.

ఆవును ఎవరో పాడుకున్నారు. చెంబు కూడా.
తలుపుకు పాట రాలేదు.
రెండు పుటల తర్వాత, పురుగు తినగా మిగిలిన చోట
మళ్ళీ కనిపించింది:
ఏనుగుసాలకు తలుపు ఒకటి, జమ.

గంగులప్ప పేరు పక్కన
"మనిషి లేడు" అని ఉంది.
చచ్చాడో, కంగాణీ వెంట ఓడెక్కాడో
లెక్కకు అక్కర్లేదు.
తలుపు లేని ఆ ఇంట్లో
ఇంకెవరైనా ఉన్నారా అన్నదీ అక్కర్లేదు.

నా జాబితాలో 'విషయం' గడి చిన్నది,
ఒక్క మాటే పడుతుంది.
"ఏనుగనే రాసెయ్ మా, పొద్దు గూకతా ఉండాది"
అన్నాడు సూపరింటెండెంటు మునిచెంగయ్య,
తాళాల గుత్తి ఆడిస్తూ.

రాశాను.

రాత్రి గ్రీంస్‌పేటలో మా ఇంటి గడియ వేసి
చెక్క మీంచి చెయ్యి తియ్యలేదు,
చాలాసేపు.