అస్తరు

పొద్దున ఎనిమిదింటికి తీసిన నెత్తురు
తార్నాక దాటి నా బల్ల మీదికి వచ్చేసరికి తొమ్మిదిన్నర.
ట్యూబు మీద అంకె ఉంటుంది, పేరుండకూడదు.
సూది గుచ్చింది నేనే కాబట్టి
చిలకలగూడ సందులో జాకెట్లు కుట్టే రాజలింగం అని
నాకు తెలుసు.

తొంభై నాలుగులో లారీ గుద్దితే
ఎవరివో రెండు సీసాల రక్తం ఆయన్ని బతికించింది.
ఒక సీసాలో ఇది కూడా ఎక్కి వచ్చింది.
ఇరవై ఎనిమిదేళ్ళు కాలేయంలో కాపురముంది,
కిరాయి కట్టకుండా,
ఒక్కనాడూ తలుపు గట్టిగా వెయ్యకుండా.

"లోపల కాపలా లేదా బిడ్డా?" అన్నాడు
మోచేతి మడతలో దూది నొక్కిపట్టి.

ఉంది.
పుస్తకాల్లో దాని పేరు సహజ హంతక కణం.
ఆ పేరు పెట్టినవాడికి కుట్టుపని తెలిసుంటే
ఇంకోలా పెట్టేవాడు.
కణం కణం దగ్గరా ఆగి
కాలరు మడిచి చూస్తుంది.
మనదే అని చెప్పే చిట్టీ ఉంటే వదిలేస్తుంది,
లేకపోతే కత్తెర.
దొంగ ముఖం ముందే చూసి ఉండక్కర్లేదు,
పుట్టుకతో వచ్చిన పని.

"మరి దీన్నెట్ల ఇడిసిపెట్టింది?"

తను దూరిన కణాలకు చిట్టీ అట్లాగే ఉంచింది,
ఇంకాస్త గట్టిగా కుట్టిందని కూడా అంటారు.
తనేమో అస్తరులో కూచుంది.

రాజలింగం నవ్వాడు, చాలాసేపు.
"అస్తరుల దాసిపెట్టుడు మా పనే గద."
ఇంట్లో తెలియకుండా నోట్లు దాచుకోవడానికి
చోర జేబు కుట్టించుకునే గిరాకీల పేర్లు
ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు.
నాకు టైము లేదు. విన్నాను.

మధ్యాహ్నం
చిట్టీలేని కణాలు ఎరగా కలిపి,
ఐదు గంటలు వెచ్చగా పెట్టి,
రంగులద్ది, లేజరు ముందు ఒక్కొక్కటిగా నడిపించాను.
తెర మీద కణానికో చుక్క.
కుడికి జరిగితే కొట్టినట్టు,
పైకి లేస్తే అరిచినట్టు.
ఆ అరుపే చుట్టుపక్కల అందరినీ లేపేది,
పొరుగు కణాలతో గడియలు పెట్టించేది,
ఒక్క ఇల్లూ కూల్చకుండా వైరస్‌ను అణిచేది.

రాజలింగం చుక్కలన్నీ కుడికే పోయాయి.
పైన ఖాళీ.

కొట్టడం మిగిలింది, కేక పోయింది.
అన్నేళ్ళూ కత్తెర ఆడుతూనే ఉంది.
దొంగ దొరకలేదు, గుడ్డ చీలికలైంది.
ప్రతి చీలికకీ కాలేయం తనే అతుకు వేసుకుంది,
స్కాను చేసేవాళ్ళు ఆ అతుకుల్నే మచ్చలంటారు.
ఇట్లాంటి మనుషులు నాకు తెలుసు,
మాట మానేసి చెయ్యి మాత్రం ఆడించేవాళ్ళు.
ఆ సంగతి రిపోర్టులో రాయడానికి గడి లేదు.

పన్నెండు వారాలు, రోజుకో మాత్ర.
ఈ ఊళ్ళోనే ఏదో షెడ్డులో ఒత్తింది.
నాలుగో వారం చుక్కలు కొన్ని
నిద్రలోంచి లేచినట్టు కాస్త పైకి కదిలాయి.
మిషను తప్పేమోనని కడిగి మళ్ళీ నడిపాను.
కదిలాయి.
పన్నెండో వారం ఇంకొన్ని.
అన్నీ కాదు. గొంతు తిరిగి రానివి
అడుగున అట్లాగే ఉన్నాయి.

మాత్రలైపోయిన మూడు నెలలకు వైరస్ లెక్క వచ్చింది:
కనబడలేదు.
మచ్చలు కనబడ్డాయి.
ఆర్నెల్లకోసారి స్కానుకి రావాలని చెప్తే
రాజలింగం నా తెల్లకోటు వంకే చూస్తున్నాడు.
"జేబు చినిగింది. గిట్ల ఇయ్యి."

బుధవారం ఇస్త్రీ చేసి తెచ్చాడు.
జేబు అతికించాడు, అతుకెక్కడో వెతికినా దొరకలేదు.
అస్తరే లేని కోటుకు
ఎడమవైపు లోపల నీలి పాప్లిన్ ముక్క వేసి,
దాని వెనక, వేళ్ళకు తప్ప కళ్ళకు అందని చోట,
ఇంకో జేబు.

అందులో ఏం దాచాలో
నాకింకా తోచలేదు.