బయటికెళ్ళే దారిలోంచి లోపలికి

బ్లాక్‌పూల్‌లో వాన పైనుంచి పడదు,
సముద్రం మీంచి అడ్డంగా వచ్చి చెంప మీద కొడుతుంది.
ప్రెస్టన్ నుంచి రైల్లో నలుగురం,
హిమజ, నఫీసా, గారెత్, నేను.
నా కింద పన్నెండు కిలోల నా కుర్చీ,
దాని కుడి చక్రం మూడు రోజులుగా కీచుమంటోంది.

గేటు దగ్గర కుర్రాడు
నా తల మీంచి హిమజని అడిగాడు,
"ఆవిడ నాలుగడుగులు వేయగలరా?"
"ఆవిడకి చెవులున్నాయి, ఆవిడనే అడుగు."
వేయలేనన్నాను.
నాలుగు కాదు, ఒకటి కూడా. పదకొండేళ్ళయింది వేసి.
వాడు మెడదాకా ఎర్రబడి
నా మణికట్టుకి పచ్చ పట్టీ చుట్టాడు,
మరీ వదులుగా, నొప్పి పుడుతుందేమోనన్నట్టు.

పచ్చ పట్టీకి క్యూ లేదు.
బయటికొచ్చే దారిలోంచే లోపలికి పోవాలి.
అంచేత ఎక్కకముందే చూశాను
దిగినవాళ్ళ ముఖాలు:
జుట్టు నిక్కబొడుచుకున్న తాతగారు,
ఒక చెప్పు పోగొట్టుకున్న పిల్ల,
స్నేహితులు బలవంతాన తొడిగిన గౌనులో
నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తనకే తెలియని
కాబోయే పెళ్ళికొడుకు.
చివరి పేజీ ముందే చదివేసినట్టు.
అయినా భయం తగ్గలేదు. అది నాకు నచ్చింది.

మొదటిదానికి వద్దన్నారు.
మధ్యలో ఆగిపోతే నూట నలభై మెట్లు
సొంత కాళ్ళ మీద దిగి రావాలట.
పలక మీద రాసుంది, రంగు కూడా పోలేదు.
హిమజ గొంతు లేచింది.
తను నా కోసం పోట్లాడుతుంటే
నాకు తన మీదే కోపమొచ్చింది.
నా పోట్లాట అది, అదైనా నాకు మిగల్చవా?
అనలేదు. "చిప్స్ తిందాం పద" అన్నాను.

కాగితం పొట్లంలో వేడి, ఉప్పు, వెనిగర్ ఘాటు.
నఫీసా సంచిలోంచి
కర్నూలు కారప్పొడి సీసా బయటికొచ్చింది.
సీగల్ ఒకటి నా ఒడిలోంచే ముక్క ఎత్తుకుపోయింది.
దానికి మాత్రం నేను అందరిలాంటిదాన్నే.

వికలాంగుల టాయిలెట్‌లో
తుడుపుకర్ర, మూడు బకెట్లు,
రంగులరాట్నం నుంచి ఊడిన ఒక గుర్రం తల.
గారెత్ ఆ తలని చంకన పెట్టుకుని
నేనొచ్చేదాకా గుమ్మం బయట నిలబడ్డాడు.
ఎవరూ ఏమీ అడగలేదు.

రెండోది కాళ్ళు వేలాడే రైడ్. దానికి లిఫ్టుంది, ఒప్పుకున్నారు.
సీటు పక్కకి కుర్చీ చేర్చి, బ్రేకులు వేసి,
చేతుల మీద లేచి, ఒక్క క్షణం
కుర్చీదాన్నీ కాదు సీటుదాన్నీ కాదు,
జారాను.
గారెత్ నా పాదాలు ఒక్కొక్కటే అందించాడు,
బస్సులో మరిచిపోయిన సామాను ఇచ్చినట్టు.
నఫీసా మోచెయ్యి నా ముందు అడ్డం పెట్టింది,
అడక్కుండానే.

పైకి.
టకటకమని గొలుసు.
కిందికి చూస్తే గట్టు మీద నా కుర్చీ,
గుడి బయట విడిచిన చెప్పుల్లా.
ఎవరైనా వేసుకుపోతారేమోనని ఒకటే బెంగ.
అటుపక్క సీసం రంగు సముద్రం.
వంపు తిరిగేచోట కనిపించాయి
అందరి కాళ్ళూ, గాల్లో.
ఏవీ దేన్నీ తొక్కడం లేదు,
ఏవీ ఎవర్నీ ఎక్కడికీ తీసుకుపోవడం లేదు.
బురద బూట్లు, తెల్ల మేజోళ్ళు, గారెత్ ఊడిన లేసు,
మధ్యలో నావి.
ఏవి నావో

పడ్డాం.

తెలుగులో అరిచాను. అమ్మా అని కాదు,
ఇక్కడ రాయలేని మాట.
తమ బళ్ళో ఆ మాటకి యాభై గుంజీలని
హిమజ తర్వాత గౌరవంగా చెప్పింది.
పన్నెండు పౌండ్ల ఫొటోలో
నలుగురివీ కళ్ళు మూసే ఉన్నాయి. కొన్నాం.

తిరుగు రైలుకి ర్యాంపు తెచ్చే మనిషి రాలేదు.
రైలు మాత్రం వేళకే వెళ్ళిపోయింది.
ఇంకో నలభై నిమిషాలు, తడి బట్టలు.
అప్పుడడిగింది హిమజ,
"పొద్దున మరీ ఎక్కువ అరిచానా?"
"అవును."
"సరే" అంది.
కాసేపాగి, "ఈసారి నువ్వే అరుద్దువుగాని,
నేను చిప్స్ పట్టుకుంటా."

కుడి చక్రానికి పీచుమిఠాయి అంటుకుంది,
గులాబీ రంగు, ఇసుకతో కలిసి.
కీచుమనడం మానేసింది.
నఫీసా రుమాలు తీస్తుంటే
ఉండనీ అన్నాను.