గడి లేని లెక్క

సొసైటీ పుస్తకంల నాలుగు గడులున్నయి.
పట్టినవి. అమ్మినవి. పంచుకున్నవి. పారబోసినవి.
నాలుగో గడి నిండ నా చేతిరాతనే,
పోయినేడు ఎండకాలం పొడుగునా.

అప్పుడు కట్ట ఎనుక గుంత తవ్వినం,
జేసీబీకి గంటకు పన్నెండు వందలు.
రవ్వలు, బొచ్చెలు, బంగారుతీగలు
కండ్లు తెరుచుకొనే మట్టిల కలిసినయి.
ఆ దిక్కు గాలి రావద్దని మొక్కుకుంట
మూడు దినాలు అన్నం తిన్నం.

ఈయేడు మళ్ల అట్లనే.
తూముకాడ మోకాటిలోతు నీళ్లు,
ఇయ్యాల్నే చెరువు ఎత్తాలె.
తెల్లారగట్ల మూడింటికి వలలు దించితే
ఇరవై రెండు క్వింటాళ్లు.
కలకత్తకు పోవాల్సిన లారీ ఖమ్మంకాడనే ఆగింది.
"రేటు పడ్డది భయ్యా" అని సేటు ఒక్క మాట,
ఎనుకనే స్విచ్ఛాఫ్.
వరంగల్ మార్కెట్ల అరవైకి అడిగినోళ్లు
పగటీలికి ముప్పైకి దిగి
రెండింటికి మొఖం తిప్పుకున్నరు.
మిగిలింది రెండు క్వింటాళ్ల నలభై కిలోలు,
పది బిళ్లల మంచు,
ఆ మంచుకు ఇంకో నాలుగు గంటల ఆయుష్షు.

పిట్టల కొమురవ్వ గంప బోర్లేసి దానిమీద కూసున్నది.
"గుంత తవ్వితే నన్నుగూడ అండ్లనే పెట్టుండ్రి.
పెద్దాసుపత్రి గేటుకాడ ఎంతమంది పంటరో ఎరుకేనా?
మా బుచ్చిలింగం కాలు ఇరిగినప్పుడు
పద్దెనిమిది రాత్రులు పండిన నేను.
పొద్దుగాల బ్రెడ్డు, మాపటికి నల్లా నీళ్లు.
నీసు తగలక నాలుక కట్టెయింది."

"పచ్చి చాపలిస్తే ఏడ వండుకుంటరు, గోడకా?"
అన్నడు ప్రెసిడెంటు పోశాలు.
మాట నిజమే.
పెట్టుడంటే పొలుసు గీకాలె, పేగు తియ్యాలె,
చేదుతిత్తి పగలకుంట తియ్యాలె,
ఆరు కిలోల చింతపండు ఉద్దెరకు దొరకాలె.
టెంటుహౌస్ యాకూబ్ డేగిసలిచ్చిండు, కిరాయి అడగలే.
"మంచిగ తోమియ్యుండ్రి,
నీసు వాసనొస్తే పెండ్లోళ్లు నన్ను తిడతరు" అన్నడంతే.

పన్నెండుమంది ఆడోళ్లు బూడిద పూసుకొని కూసుంటే
పొలుసులు మాపటి ఎండల ఎగిరి
వాళ్ల కొప్పులమీద, సంకల పిల్ల కనుబొమ్మమీద
చెల్లని పావలాలయినయి.

రాత్రి ఎనిమిదిన్నరకు ట్రాలీ ఆటో దిగినం.
మందుల షాపుల మెట్లమీద బస్తాలు పరుచుకున్నోళ్లు
లేచి చూసిండ్రు గని దగ్గరికి రాలే.
పైస అడగకుంట పులుసు పోస్తే
ఏందో మతలబు ఉంటదని అనుమానం.

ఆసిఫాబాద్ దిక్కునుంచి వచ్చిన ఒక తల్లి
ముక్క చేతులకు తీసుకొని వాసన చూసింది.
మా మంచును, మా నాలుగు గంటలను,
మా నియ్యతిని వాసన చూసింది.
ఎనుక ముల్లు తీసి ఒళ్లె పిల్లకు పెట్టింది.
ఆమె మాట మాకు రాదు, మా మాట ఆమెకు.
ముల్లు ఏ భాషలనైనా ఒక్కతీరుగనే గుచ్చుతది.
"పయిలం, ముండ్లున్నయి, పయిలం"
అనుకుంట కొమురవ్వ వరుస పొడుగునా తిరిగింది.

ఒకాయన తిన్నడు, చెయ్యి కడుక్కున్నడు,
"ఎంత?" అన్నడు.
ఏం లేదన్నం.
"ఉత్తగ తినేటోన్ని కాదు" అని
మందుల చీటీల నడుమనుంచి పది రూపాయల నోటు తీసి
డేగిస మూత కింద పెట్టి
గేటు లోపలికి పోయిండు.

ఇంటికొచ్చి పుస్తకం తెరిచిన.
రెండు క్వింటాళ్ల నలభై, ఏ గడిల రాయాలె?
అమ్మలే. పంచుకోలే. పారబొయ్యలే.
వచ్చే నెల ఆడిట్ సారు ఎర్రపెన్ను పట్టుకొని వస్తడు.
స్కేలు దొరకక చీపురుపుల్ల ఆనిచ్చి
ఐదో గీత గీసిన, జరంత వంకరొచ్చింది.
పైన 'దానం' అని రాయబోతే చెయ్యి సాగలే.
కొమురవ్వకు ఫోన్ చేస్తే నిద్రమత్తుల
"తిన్నరు గద, అదే రాయి" అన్నది.

తిన్నవి, అని రాసిన.
జమ: పది రూపాయలు.
ఇచ్చినాయన పేరు: తెల్వది.
నోటును ఆ పేజీలనే పెట్టి మూసిన.
పొద్దున చూస్తే చింతపులుసు మరక
ఐదు గడులూ దాటి అవతలి పేజీకి పోయింది.