ఏడో వరుసలో పాలెగాడు

తెర లేవడానికి తొమ్మిది రోజులుందనగా నన్ను పిలిచినారు.
కోటీ ఎనభై లక్షలు అప్పటికే అయిపోయినాయి.
నాకు మిగిలింది భోజనం టోకెన్లూ, ఒక ఎర్ర స్కెచ్ పెన్నూ.

మూడు గంటల నలభై నిమిషాల గంగమ్మ.
ఇరవై ఆరు పాటలు, పాలెగాడొక్కడికే తొమ్మిది.
వేలూరు నుంచి తెచ్చిన హైడ్రాలిక్ లిఫ్టు
అమ్మవారిని పదహారడుగులు పైకెత్తాల.
పదకొండు దగ్గర నిలబడి
ఘాట్ రోడ్డులో పాత బస్సు మాదిరి దగ్గుతుంది.
పైన హేమాంబుజం, కిరీటం బరువుకి మెడ పట్టుకుని,
"అన్నా, దించండన్నా" అంటుంది
మైకు ఆన్‌లో ఉందని మరిచిపోయి.

గ్రానైటు దొరస్వామి నాయుడు మొదటి వరుసలో
కాలు మీద కాలేసుకుని అడిగినాడు:
"యాడుంది సామీ జబ్బు?"
వేలు పెట్టి చూపించలేకపోయినాను.
పట్టుచీరలు బాగున్నాయి, పొగ బాగుంది,
ఆలాపన మరీ బాగుంది.

మొదటిరోజు నాలుగు పాటలు కోసినాను.
సంగీత దర్శకుడు నాతో మాట మానేసినాడు.
రెండోరోజు ఇంకో మూడు.
వయొలిన్ల వాళ్లు కారు మాట్లాడుకుని మద్రాసుకి పోయినారు.
నాలుగోరోజు దాకా కోస్తానే ఉన్నా
నాటకం పొట్టిదయింది, అంతే.
గుండు కొట్టిస్తే జ్వరం దిగుతుందా?

ఐదోరోజు రాత్రి, వెనక మెట్ల మీద
మేకప్ పెట్టెలు మోసే కొర్లగుంట గంగులప్ప
బీడీ ముట్టించినాడు.
జాతరకి ముప్పై ఏళ్లుగా తోటి వేషం కట్టే మనిషి,
గోళ్ల సందుల్లో బొగ్గు ఇంకా పోలేదు.
"అడగొచ్చో లేదో గానీ,
మీ గంగమ్మని ఎవురూ తిట్టరేం సామీ?"

"తిట్టాలా?"

"తిట్టకుంటే మనం వచ్చినట్టు ఆమెకెట్ట తెలస్తాది?"

లోపలికి పోయి స్క్రిప్టు తిరగేసినాను.
నూట పద్దెనిమిది పేజీలు.
అమ్మా, జననీ, జగన్మాతా.
పాలెగాడు కూడా తల తెగే ముందు
"దేవీ" అంటాడు, కల్యాణి రాగంలో.

తెల్లారేదాకా గంగులప్ప చెబితే రాసుకున్నాను.
కొన్ని మాటల దగ్గర చెయ్యి ఆగింది.
"రాయి సామీ, పెన్నుకి సిగ్గేంటికి?"

పొద్దున హేమాంబుజం చదివి పగలబడి నవ్వింది.
"ఇవి మా అవ్వ మాటలు.
కట్టెలు తడిసి పొగొస్తే పొయ్యిని ఇట్నే తిట్టేది."

ఏడోరోజు లిఫ్టు ఇంక లేవనే లేదు.
సెల్వం రెండు గంటలు దాని కింద పడుకుని
గ్రీజు మొహంతో బయటికొచ్చి "పోచ్చు సార్" అన్నాడు.
ముప్పై ఒక్క లక్ష.
నేను ఎర్రగా రాసినాను:
గంగమ్మ నడిచి వస్తుంది.

మరి పాలెగాడు?
పొగలోంచి పాడుకుంటా పైకి వచ్చేవాడు ఇన్నాళ్లూ.
భయపడి దాక్కున్నోడు పాడుకుంటా వస్తాడా?
వాణ్ణి జనంలో కూచోబెట్టినాను,
ఏడో వరుస, ఇరవై మూడో సీటు, గళ్ల చొక్కా.
గేటు దగ్గర టికెట్టు చింపించుకుని రావాల.

జయసింహులు మండిపడినాడు.
"నాకు ఎంట్రీనే లేదా?"
"దొరికిపోవడమే నీ ఎంట్రీ" అన్నాను.
తొమ్మిది పాటలు పోయినోడికి ఏ మాట ఆనుతుంది?
మీసం పీకి జేబులో పెట్టుకుని పోయినాడు.

ఎనిమిదో రాత్రి. రెండు గంటల పది నిమిషాలు.
సీట్లలో డ్రైవర్లు, వాచ్‌మెన్లు,
ఊడ్చే మునెమ్మ, ఆమె చీపురు.
నామం కొమ్ము పూసుకుని బైరాగి వేషంలో
హేమాంబుజం స్టేజీ దిగింది.
ఒక్కొక్క మొహంలోకీ వంగి చూస్తా,
పొయ్యిని తిట్టినట్టు తిడతా, వరుస వరుసా.
నాయుడి ముందు నిలబడింది.
తిట్టలేదు. ఊరికే చూసింది.

ఆయన కాలు మీంచి కాలు తీసినాడు.

అప్పుడు వెనకనుంచి ఎవరో డ్రైవరు
స్క్రిప్టులో లేని తిట్టొకటి తిట్టినాడు, గట్టిగా.
గంగులప్ప చీకట్లో "ఆఁ" అన్నాడు.

రేపొక్క రోజుంది.
చంపే ఘట్టంలో డప్పు ఇంకా ఆలస్యంగా పడతా ఉంది.
జయసింహులు ఫోనెత్తడం లేదు.
ఇరవై మూడో సీటు మీద ఎవరో
టవల్ వేసి పోయినారు.